పాత కరెంటు నంబరును చేజార్చుకోకండి

ప్రశ్న: మాది కడప జిల్లా. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో అద్దె ఇళ్లలో ఉంటున్నాం. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు, మావారి పీఎఫ్ కలిపి రామమూర్తి నగర్‌లో 40×60 సైటులో ఉన్న పాత ఇల్లు కొన్నాం. అమ్మినవాళ్లు అమెరికాలో ఉంటారు. ఇల్లు ఎనిమిదేళ్లుగా తాళం వేసే ఉంది. రిజిస్ట్రేషన్ అయిపోయింది. కరెంటు ఎప్పుడో కట్ చేశారు. మీటరు లేదు, బోర్డు మాత్రం ఉంది. కావేరి కుళాయి ఉంది గానీ చుక్క రాదు. బోరు సంగతి తెలీదు. బెస్కాం (బెంగళూరు కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసుకు వెళితే పాత బాకీ 38 వేలు ఉందన్నారు. అమ్మినాయన ‘ఇల్లు అమ్మేశాను కదా, నాకేం సంబంధం’ అంటున్నారు. ఒక ఏజెంటు పాతది మర్చిపోండి, డెబ్బై వేలిస్తే కొత్త కనెక్షన్ పెట్టిస్తానంటున్నాడు. పక్కింటివాళ్లు మంచివాళ్లు, రిపేర్లు అయ్యేదాకా తమ ఇంటి నుంచి వైరు లాక్కోమన్నారు. ఉగాదికి గృహప్రవేశం చేయాలని మా అత్తగారి పట్టు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరో వాడుకున్న కరెంటుకు మేమెందుకు కట్టాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఆ ఏజెంటుకు పైసా ఇవ్వకండి. అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి. ‘పాతది మర్చిపోండి’ అన్న సలహా కొన్నేళ్ల కిందటైతే చెల్లేదేమో. ఇప్పుడు బెంగళూరులో అది మీ కొంప ముంచే సలహా.

కారణం చెప్తాను. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఇల్లు మంజూరైన ప్లాన్ ప్రకారం కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) చూశాకే భవనాలకు కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలని చెప్పింది. దాని వెంట 2025లో కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆదేశాలు వచ్చాయి. ఓసీ లేని ఇళ్లకు బెస్కాం కొత్త కనెక్షన్లు ఆపేసింది. ఇల్లు కట్టుకుని కరెంటు కోసం కాళ్లరిగేలా తిరిగినవాళ్లు ఊరంతా ఉన్నారు. తరవాత ప్రభుత్వం 1,200 చదరపు అడుగుల లోపు సైట్లలో కట్టుకున్న చిన్న ఇళ్లకు సడలింపు ఇచ్చింది గానీ మీ సైటు 2,400. పైగా మీ వైపు పాత లేఅవుట్లలో చాలా ఇళ్లకు మంజూరైన ప్లానే ఉండదు, ఇక ఓసీ మాట దేవుడెరుగు. కొత్త కనెక్షన్ అని దరఖాస్తు పెట్టగానే ఆ ప్రశ్న లేస్తుంది. ఎప్పుడో ఇచ్చిన సర్వీసును మళ్లీ కలపమని అడిగితే మీరు అడిగేది వేరే పని. ఏజెంటు డెబ్బై వేలు తీసుకుని ఏదో ఒకటి చేస్తాడేమో, రేపు తనిఖీలో అది తేలితే మాత్రం పేరు మీది, జరిమానా మీది.

అందుకని ఆ 38 వేల బాకీని చూసి మీరు బెదిరిపోతున్నారు గానీ, నాకది కొంత శుభవార్తలాగే ఉంది. బాకీ అడుగుతున్నారంటే బెస్కాం పుస్తకాల్లో ఆ ఇంటి ఖాతా ఇంకా బతికే ఉందన్నమాట.

ఇప్పుడు ఆ ఖాతా వివరాలు కాగితం మీద సంపాదించండి. బెస్కాంలో ప్రతి ఇంటికీ ఒక ఆర్ఆర్ నంబరు (ఆ కనెక్షన్ గుర్తింపు సంఖ్య), దానికి తోడు బిల్లు కట్టడానికి పది అంకెల అకౌంట్ ఐడీ ఉంటాయి. పాత ఇళ్లలో ఆర్ఆర్ నంబరును మీటరు బోర్డు మీదో, పక్క గోడ మీదో పెయింటుతో రాసేవారు. బోర్డు ఉందన్నారు కదా, తడిగుడ్డతో దుమ్ము తుడిచి చూడండి. రంగులు వేసేవాళ్లను మాత్రం ఆ గోడ దగ్గరికి ఇప్పుడే రానివ్వకండి. అక్కడ దొరక్కపోతే పక్కింటివాళ్ల బిల్లు అడిగి తీసుకోండి. మీది ఏ సబ్‌డివిజన్ కిందికి వస్తుందో అందులో ఉంటుంది, నంబర్లు కూడా వరసలో దగ్గర దగ్గరగా ఉండొచ్చు. అమ్మినాయన దగ్గర ఒక్క పాత బిల్లు ఫొటో ఉన్నా పని తేలికవుతుంది. ఆయన బాకీ కట్టకపోయినా ఆ ఫొటో పంపడానికి అభ్యంతరం ఉండదు.

నంబరు దొరికాక సబ్‌డివిజన్ ఆఫీసులో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) పేరిట ఒక అర్జీ రాసి ఇవ్వండి. నోటిమాటగా అడిగితే నోటిమాటే జవాబుగా వస్తుంది. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వార్డ్ సీలు వేయించుకోండి. అందులో అడగాల్సినవి: ఆ సర్వీసు తాత్కాలికంగా కట్ అయిందా, శాశ్వతంగా రద్దయిందా, ఏ తేదీన కట్ చేశారు, బాకీలో అసలెంత, వడ్డీ ఎంత, ఫిక్స్‌డ్ చార్జీలెంత, నెలవారీగా, పాత యజమాని కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ ఎంత, దాన్ని బాకీలో సర్దారా లేదా.

ఈ లెక్క చూడకుండా 38 వేలు కట్టేయకండి. ఖాళీ ఇంటికి ఒక్క యూనిట్ వాడకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ పడుతుంది. మంజూరైన లోడ్‌ను బట్టి కిలోవాట్‌కు ఇంత అని నెలనెలా వేస్తారు. ఆయన ఇంటికి తాళం వేసి అమెరికా వెళ్లాక మీటరు తిరగకపోయినా బిల్లు మాత్రం పెరుగుతూ వచ్చింది. అది న్యాయమే. కానీ తీగ తెంపి మీటరు పట్టుకెళ్లిన తరవాత కూడా ఏళ్ల తరబడి చార్జీలు వేసి ఉంటే, అది ఏ నిబంధన కింద వేశారో అడగాలి. డిపాజిట్ సర్దకపోతే సర్దమనాలి. ఇలా అడిగితే లెక్క తగ్గే అవకాశం ఉంది, తగ్గకపోయినా దేనికి కడుతున్నారో తెలుస్తుంది. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బెస్కాం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ఇచ్చిన దారి అది. వకీలు లేకుండా మీరే వెళ్లొచ్చు.

ఇక మీ అసలు కోపం: ఎవరో వాడుకున్నదానికి మేమెందుకు కట్టాలి? ధర్మంగా చూస్తే మీరు కట్టక్కర్లేదు. చట్టం దగ్గర మాత్రం మీ వాదన నిలవడం కష్టం. 2023 మే 19న కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. పాత యజమాని కరెంటు బాకీ, దానికదే ఆ ఆస్తి మీద భారం అయిపోదు. అయితే ఆ రాష్ట్ర నిబంధనల్లో ఉంటే, అదే ఇంటికి మళ్లీ కరెంటు కావాలన్న కొత్త యజమానిని పాత బాకీ తీర్చి రమ్మనే హక్కు పంపిణీ సంస్థకు ఉంటుంది. మీకెవరో ఒకరు ‘రెండేళ్లు దాటిన బాకీ అడగకూడదు’ అని కూడా చెప్తారు. చట్టం 56వ సెక్షన్‌లో అలాంటి గడువు ఉన్నమాట నిజమే. బిల్లుల్లో ఆ మొత్తాన్ని వరసగా బాకీగా చూపిస్తూ వచ్చి ఉంటే ఆ గడువు వర్తించదు. వర్తించినా, దాని వల్ల కరెంటు కట్ చేసే దారి మూసుకుంటుందే తప్ప అప్పు మాసిపోదని అదే తీర్పులో కోర్టు చెప్పింది. మీ ఇంట్లో కట్ చేయడానికి కరెంటే లేదు. కాబట్టి ఆ వాదన మీద ఆశ పెట్టుకోకండి. లెక్క సరిచేయించి, కట్టి, రసీదు మీద ఆర్ఆర్ నంబరు ఉండేలా చూసుకుని, ఆ డబ్బు అమ్మినాయన దగ్గర రాబట్టుకోండి.

రాబట్టుకోవడానికి మీ క్రయపత్రం తీసి చదవండి. మన సేల్ డీడ్లలో దాదాపు అన్నింటిలోనూ, రిజిస్ట్రేషన్ తేదీ వరకు ఉన్న పన్నులు, కరెంటు, నీటి బాకీలన్నీ అమ్మినవారివే, కొన్నవారికి నష్టం వస్తే భర్తీ చేస్తాం అన్న పేరా ఒకటి ఉంటుంది. సంతకాలు పెట్టేటప్పుడు ఎవరూ చదవని పేరా అది. దాన్ని ఫొటో తీసి, రసీదుతో పాటు ఆయనకు ఈమెయిల్ చేయండి, ఫోన్‌లో వాదించకండి. ఆయన తరఫున ఇక్కడ పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చేసిన బంధువు ఉంటే ఆయనకూ ఒక కాపీ పంపండి. అమెరికాలో ఉన్నాయన కన్నా ఇక్కడున్న బంధువుకు మొహమాటం ఎక్కువ, చాలాసార్లు పని అక్కడే అవుతుంది. కాకపోతే లాయరు నోటీసు. 38 వేల కోసం కోర్టుకెక్కడం దండగని నా అభిప్రాయం, మీ ఓపిక మీ ఇష్టం.

సర్వీసు తాత్కాలికంగా కట్ అయినట్టే ఉంటే బాకీ, రీకనెక్షన్ చార్జీ కట్టాక మీటరు పెడతారు. శాశ్వతంగా రద్దయిందని తేలితే పని పెరుగుతుంది. ఒప్పందం మళ్లీ రాసుకోవాలి, డిపాజిట్ మళ్లీ కట్టాలి. 2025 ఫిబ్రవరి నుంచి కొత్త కనెక్షన్లకు స్మార్ట్ మీటరు నియమం ఉంది కాబట్టి ఆ ఖర్చు కూడా అడిగి తెలుసుకోండి. సింగిల్ ఫేజ్‌కే 2025లో దాదాపు 5 వేలు ఉండేది. అప్పుడు కూడా అర్జీలో ‘ఈ ఇంటికి ఫలానా ఆర్ఆర్ నంబరు మీద ఫలానా సంవత్సరం నుంచి సరఫరా ఉండేది’ అని రాసి, పాత లెక్క కాపీ జత చేయండి. ఓసీ అడిగితే చూపించడానికి మీ చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే. పేరు మార్పిడికి సేల్ డీడ్, ఖాతా (ఇది నగరపాలిక ఆస్తి రికార్డు), కట్టిన ఇంటిపన్ను రసీదు అడుగుతారు. ఈ-ఖాతా మీ పేరు మీదికి ఇంకా మారకపోతే ఆ పని ఇవాళే మొదలుపెట్టండి, ఎందుకంటే అన్నిటికన్నా ఆలస్యమయ్యేది అదే. డబ్బు ఏదైనా ఆన్‌లైన్‌లోనో, కౌంటర్లోనో రసీదు మీదే కట్టండి.

పక్కింటి వైరు వద్దు. వాళ్ల మంచితనం మీద నాకేమీ అనుమానం లేదు. ఒక ఇంటికి ఇచ్చిన కరెంటును ఇంకో ఇంటికి వాడడం విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం అనధికార వినియోగం. పట్టుబడితే రెట్టింపు ధరతో లెక్క కట్టి, ఎంతకాలం వాడారో తేలకపోతే ఏడాదికి వేస్తారు. నోటీసు వచ్చేది వాళ్ల పేరిట. ఇంకొక మాట, వాళ్లకు గృహజ్యోతి (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) కింద సున్నా బిల్లు వస్తూ ఉంటుంది. మీ గ్రైండింగ్ మిషన్, డ్రిల్లింగ్ మిషన్ వాడకంతో నెలకు 200 యూనిట్లు దాటిందంటే ఆ నెల బిల్లు మొత్తం వాళ్లే కట్టుకోవాలి. గృహప్రవేశానికి ముందే ఇరుగుపొరుగుతో మాట పట్టింపు ఎందుకు? రిపేర్లకు బెస్కాం తాత్కాలిక కనెక్షన్ ఇస్తుంది, ధర ఎక్కువే. దానికీ పాత బాకీ అడ్డు రావచ్చు కాబట్టి ముందు బాకీ సంగతి తేల్చండి. లేదంటే పది రోజులు చిన్న జెనరేటర్ అద్దెకు తీసుకోండి.

ఇప్పుడు ఇంటి లోపలికి వద్దాం. మీటరు దాటాక లోపలున్న వైరింగుకు బాధ్యత మీది, లైన్‌మ్యాన్ దాన్ని చూడడు. ఎనిమిదేళ్లు తాళం వేసిన ఇంట్లో ఎలుకలు పైపుల్లో దూరి తీగల మీది తొడుగు కొరికేసి ఉంటాయి, వానలకు నెమ్ము ఎక్కిన గోడల్లో జంక్షన్ బాక్సులు తుప్పు పట్టి ఉంటాయి. పైకి స్విచ్చులన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకని సరఫరా రాకముందే లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేత, తీగల తొడుగు పాడైందో లేదో కొలిచే మెగ్గర్ పరీక్ష చేయించండి. 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్‌ను విడివిడిగా చూడాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వచ్చిన సర్క్యూట్‌లో తీగలు మార్చాల్సిందే. ‘చూశాను మేడమ్, అంతా ఓకే’ అంటే ఒప్పుకోకండి, అంకెలు కాగితం మీద రాసివ్వమనండి. రీకనెక్షన్‌కు కాంట్రాక్టరు రిపోర్టు అడిగితే అదీ ఇదీ ఒకేసారి అయిపోతుంది.

ఎర్తింగ్‌ను మర్చిపోకండి. గుంత ఎండిపోయి ఉంటుంది, రాడ్డుకు కలిపిన తీగ తెగి కూడా ఉండొచ్చు. పాత కిట్‌క్యాట్ ఫ్యూజులుంటే తీయించి ఎంసీబీలు (లోడు పెరిగితే తమంతట తామే పడిపోయే స్విచ్చులు), వాటికి ముందు షాక్ కొట్టబోతే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. కిచెన్ టైల్స్ కోసం పెట్టుకున్న బడ్జెట్‌లోంచి కోసైనా సరే దీనికి ఖర్చు పెట్టండి. కరెంటు వచ్చిన రోజు అన్ని ఎంసీబీలూ దించి ఉంచి, ఒక్కొక్కటే ఎక్కించి చూడాలి. గీజరులో నీళ్లు నిండాకే దాని స్విచ్ వేయాలి. బోరు మోటరు ఎనిమిదేళ్లు కదలకుండా ఉంది కాబట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు, స్టార్టర్ మళ్లీ మళ్లీ నొక్కితే వైండింగ్ కాలిపోతుంది. ముందు మెకానిక్ చేత చూపించాకే స్టార్ట్ చేయండి.

నీళ్ల విషయంలోనూ దారి ఇదే. జలమండలి (బెంగళూరు నీళ్లు, మురుగు సంస్థ) ఖాతాకు కూడా ఆర్ఆర్ నంబరు ఉంటుంది, బాకీ కూడా ఉండే ఉంటుంది. ఇక్కడ మీకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. 2009లో తెచ్చిన నిబంధన ప్రకారం 2,400 చదరపు అడుగులు, అంతకు మించిన సైటుల్లోని పాత ఇళ్లకు కూడా వాననీటి సేకరణ ఏర్పాటు తప్పనిసరి. అది లేకపోతే నీటి బిల్లు మీద జరిమానా కలుపుతూ వెళ్తారు. మీ సైటు సరిగ్గా 2,400. కాబట్టి నీటి బాకీలో ఆ జరిమానా ఎంతుందో విడిగా అడగండి. వడ్డీ మాఫీ పథకం ఏదైనా నడుస్తోందా అనీ అడగండి, ఇలాంటివి అప్పుడప్పుడు వస్తుంటాయి. మేడ మీద పని జరుగుతున్నప్పుడే వాననీటి పైపులు కూడా దింపించేస్తే ఆ బాధ వదులుతుంది. రిపేర్ల పనికి మాత్రం కావేరి నీళ్లు వాడకండి. 2024 మార్చిలో కరువొచ్చినప్పుడు నిర్మాణ పనులకు తాగునీరు వాడితే 5 వేల జరిమానా అన్నారు, తరవాత మళ్లీ అదే ఆదేశం ఇచ్చారు.

బాకీ తీరాక కూడా చుక్క రాకపోతే రోడ్డు మీది ప్రధాన పైపు దగ్గర మీ కనెక్షన్ మూసేసి ఉంటారు, లేదా లోపలి జీఐ (జింకు పూత ఇనుప) పైపు తుప్పుతో పూడిపోయి ఉంటుంది. గేటు దగ్గర మీటరు ముందు పైపు విప్పి చూస్తే ఏదో తెలిసిపోతుంది. మీ వీధి వాల్వ్‌మ్యాన్‌ను పరిచయం చేసుకోండి, నీళ్లు ఏ రోజు ఏ వేళకు వదులుతారో ఆయన చెప్తే సరిపోతుంది. ఫోన్ చేయాల్సి వస్తే కరెంటుకు 1912, నీళ్లకు, డ్రైనేజీకి 1916.

సంపు గురించి గట్టిగా చెప్తున్నాను, వినండి. ఏళ్ల తరబడి మూత పెట్టి ఉన్న సంపులో గాలి చెడిపోయి ఉంటుంది. అడుగున బురద కుళ్లి విషవాయువు కూడా పేరుకుంటుంది. మూత తీసి వెంటనే మనిషిని దించితే రెండు నిమిషాల్లో పడిపోతాడు, అతన్ని లాగడానికి దిగినవాడూ పడిపోతాడు. సంపుల్లో జరిగే చావులు చాలావరకు ఇలాగే జరుగుతాయి. పనివాడు ‘మాకు అలవాటే అక్కా’ అన్నా సరే దింపకండి. మూత తీసి ఒక రోజంతా వదిలేయండి, నీళ్లు, బురద పైనుంచే మోటరుతో తోడించండి, ఆ తరవాత బ్లోయరుతో గాలి కొట్టించే ఏజెన్సీ చేత కడిగించండి. పెట్రోలుతో నడిచే నీటి పంపును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సంపులోకి దించనివ్వకండి, దాని పొగ కూడా ప్రాణం తీస్తుంది. కడిగాక నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడరు కలిపి, ఆ నీటిని మేడ మీది ట్యాంకుకు ఎక్కించి కుళాయిలన్నింటిలోంచి కాసేపు వదిలి, రాత్రంతా ఉంచి మొత్తం పారబోయండి. ఆ ఘాటు నీళ్లు ఎవరూ తాగకూడదు, స్నానానికీ వద్దు.

బాత్‌రూముల్లో దుర్వాసన వస్తోందని టైల్స్ పగలగొట్టకండి. ట్రాపుల్లో (వాసన రాకుండా నీళ్లు నిలిచే పైపు వంపుల్లో) నీళ్లు ఎండిపోయి మురుగు గాలి లోపలికి వస్తుంటుంది, ఒక్కో దాంట్లో బకెట్ నీళ్లు పోస్తే చాలాసార్లు పోతుంది. బయట చాంబరు మూత తెరిచి చెట్ల వేళ్లు దూరాయేమో మాత్రం చూసుకోండి. వేళ్లు మీ గేటు బయట పైపులో ఉంటే జెట్టింగ్ బండి (నీటి ఒత్తిడితో మురుగు పైపు శుభ్రం చేసేది) పంపమని జలమండలిని అడగొచ్చు.

ఉగాదికి ఇదంతా కాకపోవచ్చు. మీ అత్తగారితో చెప్పండి, పాలు పొంగించడానికి కరెంటు అక్కర్లేదు. ముహూర్తానికి పూజ చేసుకుని, కాపురం తరవాత పెట్టండి. మీ గ్యాస్ కనెక్షన్‌ను చిరునామా మార్చి తెచ్చుకోండి, పాతవాళ్లు వదిలేసి వెళ్లిన సిలిండరు, రబ్బరు గొట్టం మాత్రం వాడకండి. గృహజ్యోతి కావాలంటే, ఆ ఆర్ఆర్ నంబరుకు పాత యజమాని ఆధార్ ముడిపడి ఉందేమో చూసి డీలింక్ చేయించాలి, మీరున్న అద్దె ఇంటికి మీ ఆధార్ ఇచ్చి ఉంటే దాన్నీ తీయించాలి. ఆ ఇంటికి ఇటీవలి వాడకం లెక్క లేదు కాబట్టి ఉచిత యూనిట్లు తక్కువే వస్తాయి, 200 మొత్తం ఉచితమనుకుని ఏసీ కొనేయకండి.